ఆఫీసు చాట్ యాప్: ఫోన్‌లో వస్తోంది, ల్యాప్‌టాప్‌లో లాగిన్ అవ్వట్లేదు

చిరుగాలి
నిన్న సాయంత్రం నుంచి ఆఫీసు చాట్ యాప్ ల్యాప్‌టాప్‌లో లాగిన్ అవ్వట్లేదు. ఫోన్‌లో మెసేజ్‌లు మామూలుగానే వస్తున్నాయి. ల్యాప్‌టాప్‌లో యాప్ తెరిస్తే సైన్ ఇన్ అంటుంది, నొక్కితే బ్రౌజర్‌లో పేజీ వస్తుంది, కాసేపు గిర్రున తిరిగి పాస్‌వర్డ్ కూడా అడక్కుండానే ఏదో ఎర్రర్ చూపించి ఆగిపోతుంది, మళ్లీ యాప్‌కి వెళ్తే మళ్లీ అదే సైన్ ఇన్. పాస్‌వర్డ్ మార్చాను, యాప్ తీసేసి మళ్లీ ఇన్‌స్టాల్ చేశాను, రీస్టార్ట్ ఎలాగూ చేశాను. ఐటీ వాళ్లకి టికెట్ పెడితే "క్యాష్ క్లియర్ చేయండి" అని, అంటే దాచుకున్న పాత డేటా తుడిచేయమని, ఒక్క లైన్ రాసి మూసేశారు. రేపు రిలీజ్ ఉంది, ఫైళ్లన్నీ ల్యాప్‌టాప్‌లోనే ఉన్నాయి, చాలా టెన్షన్‌గా ఉంది. ఎవరికైనా ఇలా అయిందా?

రాత్రిషిఫ్ట్
ముందు ఒక మాట, ఫోన్‌లో పొరపాటున కూడా లాగౌట్ అవ్వకండి. ప్రస్తుతం మీకు పనిచేస్తున్నది అదొక్కటే. ఇక "ఏదో ఎర్రర్" అన్నారు చూడండి, మొత్తం విషయం అందులోనే ఉంటుంది. పేజీ కింద చిన్న అక్షరాల్లో ఒక కోడ్ ఉంటుంది, అది ఇక్కడ పెట్టండి. మెయిల్ ఐడీ మాత్రం కనబడనివ్వకండి.

పాతకీబోర్డు
కోడ్ వచ్చేలోపు ల్యాప్‌టాప్‌లోనూ ఫోన్‌లోనూ టైమ్ సరిగ్గా ఉందో లేదో చూడండి. లాగిన్ అయ్యేది మీరేనని ఫోన్‌లో నిర్ధారించే అథెంటికేటర్ యాప్ ఇచ్చే ఆరు అంకెలు సాధారణంగా 30 సెకన్లకోసారి మారతాయి, అవి గడియారాన్ని బట్టే పుడతాయి కాబట్టి ఫోన్ టైమ్ బాగా తేడాగా ఉంటే సర్వర్ ఒప్పుకోదు. మా టీమ్‌లో ఒకాయన టైమ్ ఆటోమేటిక్ సెట్టింగ్ ఆపేసి చేత్తో పెట్టుకున్నాడు. అంకెలు సరిగ్గానే కొడుతున్నా "తప్పు కోడ్" అని వచ్చేది. సెట్టింగ్ ఆన్ చేయగానే పోయింది.

చిరుగాలి
టైమ్ సరిగ్గానే ఉందండీ. అసలు నాకు ఆ అంకెలు అడిగేదాకా కూడా రావట్లేదు. పేజీలో ఉన్నది ఇది: ఏఏడీఎస్‌టీఎస్ 50020. కింద కోరిలేషన్ ఐడీ అని పొడుగ్గా ఒక నంబర్, టైమ్‌స్టాంప్ ఉన్నాయి.

రాత్రిషిఫ్ట్
సరే, దొరికింది. ఇది మైక్రోసాఫ్ట్ లాగిన్ ఇచ్చే కోడ్. మీరు ఏ అకౌంట్‌తో వస్తున్నారో ఆ అకౌంట్ ఈ కంపెనీ డైరెక్టరీలో, అంటే వాళ్ల అకౌంట్ల జాబితాలో, లేదు అని దీని అర్థం. పాస్‌వర్డ్ తప్పయితే 50126 వస్తుంది, కాబట్టి పాస్‌వర్డ్ ఎన్నిసార్లు మార్చినా ఉపయోగం లేదు.

నాకు తోచింది ఏంటంటే, మీ బ్రౌజర్‌లో వేరే అకౌంట్ ఒకటి లాగిన్ అయి ఉంది, క్లయింట్‌దో, సొంతదో. చాట్ యాప్ తనంతట తాను లాగిన్ చేయించదు, పనిని డిఫాల్ట్ బ్రౌజర్‌కి అప్పజెబుతుంది. బ్రౌజర్‌లో అప్పటికే ఒక అకౌంట్ తెరిచి ఉంటే ఏమీ అడక్కుండా దాన్నే పట్టుకెళ్లి ఇస్తుంది. మీకు పాస్‌వర్డ్ అడక్కపోవడానికి కారణం అదే. యాప్ తీసేసి మళ్లీ పెట్టినా బ్రౌజర్‌లో ఉన్నది అలాగే ఉంటుంది కదా, అందుకే అదీ పనిచేయలేదు.

ఇలా చేసి చూడండి. యాప్‌లో సైన్ ఇన్ నొక్కాక బ్రౌజర్‌లో వచ్చిన లింక్‌ను కాపీ చేసి ఇన్‌కాగ్నిటో విండోలో పేస్ట్ చేయండి. అక్కడ పాత లాగిన్లేవీ ఉండవు, ఎక్స్‌టెన్షన్లు కూడా మామూలుగా ఆఫ్‌లో ఉంటాయి. అక్కడ మెయిల్ ఐడీ అడిగితే ఆఫీసుది ఇవ్వండి. చివర్లో "యాప్ తెరవమంటారా" అని చిన్న పెట్టె వస్తుంది, దానికి తప్పకుండా ఓకే కొట్టండి, చాలామంది అది చూడకుండా విండో మూసేస్తారు.

మబ్బుతునక
లింక్ ఆలస్యంగా పేస్ట్ చేస్తే ఎక్స్‌పైర్ అయిందని వస్తుంది. అలా వస్తే యాప్‌లో మళ్లీ సైన్ ఇన్ నొక్కి కొత్త లింక్ తీసుకోండి.

చిరుగాలి
వచ్చేసింది!! చాలా చాలా థ్యాంక్స్ అండీ. నిన్న మధ్యాహ్నం క్లయింట్ వాళ్ల డాక్యుమెంట్ ఒకటి చూడాల్సొచ్చి వాళ్లిచ్చిన అకౌంట్‌తో బ్రౌజర్‌లో లాగిన్ అయ్యాను, సరిగ్గా అప్పటి నుంచే ఇది మొదలైంది. కానీ నాకు రెండు అకౌంట్లూ రోజూ కావాలి. ప్రతిసారీ ఇన్‌కాగ్నిటోనేనా?

మబ్బుతునక
అక్కర్లేదు. బ్రౌజర్‌లో రెండు ప్రొఫైళ్లు పెట్టుకోండి, ఒకటి ఆఫీసుకి, ఒకటి క్లయింట్‌కి. ఒకదాని లాగిన్లు ఇంకోదాంట్లోకి రావు. నేను ఆఫీసుది నీలం, క్లయింట్‌ది నారింజ రంగు పెట్టుకున్నాను, విండో పైభాగం చూస్తే చాలు ఎక్కడున్నానో తెలిసిపోతుంది. ఒకటి గుర్తుంచుకోండి, బయటి యాప్ నుంచి వచ్చే లింకులు క్రోమ్‌లో సాధారణంగా చివరిగా వాడిన ప్రొఫైల్‌లో తెరుచుకుంటాయి. అందుకే సైన్ ఇన్ నొక్కే ముందు ఆఫీసు ప్రొఫైల్ విండో ఒకసారి ముందుకు తెచ్చుకోండి.

పాతకీబోర్డు
ఆ క్యాష్ క్లియర్ సలహా గురించి కూడా చెప్పాలి. అది తప్పు సలహా కాదు, కానీ ఏం చూడకుండా మొదటే చెప్పేది కాదు. కుకీలతో (సైట్లు మీ లాగిన్‌ను గుర్తుంచుకోవడానికి బ్రౌజర్‌లో దాచే చిన్న ఫైళ్లు) సహా అన్నీ తుడిచేస్తే మిగతా సైట్లన్నిట్లోంచి కూడా లాగౌట్ అయిపోతారు, అసలు కారణం ఏంటో ఇక తెలియదు. ఇన్‌కాగ్నిటోలో పనిచేసి మామూలు విండోలో పనిచేయకపోతే అప్పుడు ఆ ఒక్క సైట్ కుకీలు తీసేయండి, చాలు.

వానచినుకు
నాది వేరే సమస్య. ఫోన్ మార్చాను, పాతది రీసెట్ చేసి ఇచ్చేశాను. ఇప్పుడు లాగిన్‌లో స్క్రీన్ మీద రెండంకెల నంబర్ చూపించి అథెంటికేటర్‌లో కొట్టమంటోంది, కొత్త ఫోన్‌లో నోటిఫికేషనే రావట్లేదు.

రాత్రిషిఫ్ట్
@వానచినుకు, ఆ నోటిఫికేషన్ పాత ఫోన్ రిజిస్ట్రేషన్‌కే వెళ్తోంది. యాప్ కొత్త ఫోన్‌లో ఉన్నంత మాత్రాన అకౌంట్ అందులోకి రాదు. లాగిన్ పేజీలో "వేరే పద్ధతిలో సైన్ ఇన్" అని ఉంటుంది, ముందే నంబర్ ఇచ్చి ఉంటే ఎస్సెమ్మెస్‌తో వెళ్లొచ్చు. లేదంటే అడ్మిన్‌ని టెంపరరీ యాక్సెస్ పాస్ అనే తాత్కాలిక కోడ్ అడగండి, అది కొద్దిసేపే పనిచేస్తుంది, ఆ లోపు కొత్త ఫోన్ రిజిస్టర్ చేసుకోవాలి. ఇది చదివేవాళ్లెవరైనా ఫోన్ మార్చబోతుంటే, కొత్త దాంతో ఒకసారి లాగిన్ అయ్యేదాకా పాతది రీసెట్ చేయకండి, దయచేసి.

మబ్బుతునక
ఇలాంటప్పుడు "నేను సాయం చేస్తా, ఓటీపీ చెప్పండి" అని ఎవరైనా విడిగా మెసేజ్ పెడితే ఇవ్వకండి, ఐటీ నుంచి అన్నా సరే. మీరు లాగిన్ చేయనప్పుడు అప్రూవ్ అడిగితే నో కొట్టి వెంటనే సెక్యూరిటీ వాళ్లకి చెప్పండి.

చిరుగాలి
ఇంకొక్కటి అడుగుతాను. మూసేసిన టికెట్ మళ్లీ తెరవమంటారా? మా టీమ్‌లో ఇంకొకరికి కూడా లాగిన్ రావట్లేదు, ఆమెకి 50105 వస్తోంది.

రాత్రిషిఫ్ట్
మీది తెరవక్కర్లేదు. ఆమె కోసం మాత్రం కొత్తది పెట్టండి, ఎందుకంటే 50105 అంటే ఆ యాప్ వాడే జాబితాలో ఆమెని చేర్చలేదని, అది ఆమె ల్యాప్‌టాప్‌లో ఏం చేసినా పోదు, అడ్మినే చేయాలి. 53003 వచ్చినా అంతే, కంపెనీ పాలసీ అడ్డుకుంటోందని, రిజిస్టర్ కాని డివైస్ వల్ల కావచ్చు, వేరే చోటి నుంచి లాగిన్ అవడం వల్ల కావచ్చు.

"లాగిన్ రావట్లేదు" అని రాస్తే మళ్లీ క్యాష్ అంటారు. ఇలా రాయండి: "డెస్క్‌టాప్ యాప్‌లోనూ ఇన్‌కాగ్నిటోలోనూ ఒకటే ఎర్రర్, కోడ్ 50105, కోరిలేషన్ ఐడీ ఇది, టైమ్‌స్టాంప్ ఇది, యూజర్‌ని యాప్‌కి అసైన్ చేశారో లేదో చూడండి." ఐడీ, టైమ్ ఉంటే అడ్మిన్ సైన్ ఇన్ లాగ్‌లో నేరుగా ఆ ఎంట్రీ తీస్తారు. టైమ్ పక్కన జెడ్ అనే అక్షరం ఉంటే అది యూటీసీ, అంటే ప్రపంచ ప్రామాణిక సమయం, దాన్ని మార్చకుండా పేజీలో ఉన్నట్టే కాపీ చేయమనండి.

చిరుగాలి
ఇప్పుడే ఆమెకి పంపాను, టికెట్ పెడుతోంది. అడ్మిన్ ఏమన్నారో రేపు ఇక్కడే రాస్తాను.