కోనసీమ పెరట్లో రెయిన్ గార్డెన్: పనికొస్తుందా, దోమల గుంటవుతుందా?

పల్లపువీధి:
మాది అమలాపురం దగ్గర పల్లెటూరండి. పక్క స్థలం వాళ్లు గ్రావెల్ తోలించి, మూడడుగులు మెరక చేసి ఇల్లు కట్టారు. అప్పట్నుంచి వాళ్ల వాననీరు కూడా మా పెరట్లోకే. హైదరాబాద్‌లో ఉంటున్న మావాడు రెయిన్ గార్డెన్ వెయ్యమంటాడు. ఆరంగుళాల లోతున పళ్లెంలా తవ్వి, ఇసుకా పశువుల ఎరువూ మట్టిలో కలిపి, తడికీ ఎండకీ తట్టుకునే మొక్కలు పెడితే డాబా నీళ్లు అందులోకి చేరి ఒకటి రెండు రోజుల్లో ఇంకిపోతాయట. మా ఆవిడేమో "దోమల్ని పెంచుతారా?" అంటోంది. ఎవరైనా వేశారా?

నల్లరేగడి:
వెయ్యకండి. హైదరాబాద్ లెక్క హైదరాబాద్‌దే. మనకి కాలవలు వదిలాక నూతిలో నీళ్లు చేత్తో ముంచుకోవచ్చు. ఇంకేం ఇంకుతాయి? ముందు మురుగు కాలవలో గుర్రపుడెక్క తీయించమనండి. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయిన దగ్గర్నుంచి నీళ్లు తెచ్చే కాలవలంటే అందరికీ ముద్దే, తీసుకుపోయేవాటినే ఎవడూ పట్టించుకోడు.

లంకమట్టి:
నేను వేశానండి, నాలుగేళ్లయింది. మాది లంక భూమి, ఇసుక పాలెక్కువ. మెట్టతామర, వట్టివేరు, మధ్యలో కాస్త తుంగ. సాయంత్రం వాన పడితే తెల్లారేసరికి నీళ్లుండవు. గుడ్డు దోమై ఎగరడానికి వారం దాకా పడుతుంది, రెండ్రోజుల్లో ఎండిపోయే చోట పిల్ల పురుగు బతకదు. మీ ఆవిడగారికి చెప్పండి.

నల్లరేగడి:
లెక్క వినండి. వెయ్యి చదరపు అడుగుల డాబా మీద 10 సెంటీమీటర్ల వాన పడితే సుమారు 9,300 లీటర్లు. నూరు చదరపు అడుగుల తోట, ఆరంగుళాల లోతు, మహా అయితే 1,400 లీటర్లు పడుతుంది. మిగతాది? తుఫానొస్తే అది తోట కాదు, చెరువు.

లంకమట్టి:
తుఫానుని ఆపుతుందని ఎవరన్నారు? నిండితే పొర్లిపోయే దారి వదలాలి. మండువా లోగిలికి తూము పెట్టుకోలేదా మన పెద్దోళ్లు! మామూలు వానలకిది చాలు. పల్లపువీధి గారూ, వాదనెందుకు, అడుగు లోతు గొయ్యి తీసి నీళ్లు పోసి చూడండి.

పల్లపువీధి:
చూశానండి. పెరటి మూల పల్లంలో గునపంతో గొయ్యి తీశాను. నీళ్లు పొయ్యకముందే అడుగునుంచి తడి ఊరింది. తెల్లారి చూస్తే నాలుగు వేళ్ల లోతు నీళ్లు, అందులో ఓ కప్ప.
మా పాతిల్లు పడగొట్టిన దిబ్బ వీధివైపు ఉంది. ఊరికే అక్కడా ఓ గొయ్యి తీశాను. సాయంత్రం పోసిన రెండు బిందెలూ పొద్దున్నకి లేవు.

నల్లరేగడి:
అక్టోబరులో ఇంకిందంటే ఆ దిబ్బని నమ్మొచ్చు. పల్లం గొయ్యి మాత్రం కాలవలు కట్టేశాక మే నెలలో మళ్లీ చూస్తారేమో, అప్పుడెక్కడైనా ఇంకుతుంది, మోసపోకండి. అయితే పక్కింటి నీళ్లు మెరకెక్కవు కదా? ఆ తగువు పంచాయతీలో తేలాల్సిందే.

లంకమట్టి:
అదీ నిజమే. మీ డాబా పైపుని దిబ్బవైపు తిప్పండి, పల్లానికి ఆ భారమైనా తగ్గుతుంది. గోడకి పదడుగులు ఎడం ఉంచండి, పునాది నానకూడదు. పొర్లిన నీళ్లు వీధి కాలవలోకి పోయేలా చిన్న బోదె తియ్యండి.

పల్లపువీధి:
ఆయ్, పైపు తిప్పడానికి ప్లంబరుకి చెప్పాను. గోడనుంచి పదడుగులు కొలిస్తే సరిగ్గా మా ఆవిడ ముద్దమందారం దగ్గరికొచ్చింది. తనకింకా చెప్పలేదు.