మీటర్ చూపించని పాత లెన్స్‌తో ఎక్స్‌పోజర్ (ఫొటోకు చేరే వెలుతురు) ఎలా కుదుర్చుకోవాలి?

నమస్కారం. మాది విజయవాడ. నాన్నగారు ఫిల్మ్ కెమెరాకు వాడిన నికాన్ 50 ఎంఎం ఎఫ్ 1.8 మాన్యువల్ లెన్స్‌ను నా నికాన్ డి5300 డిజిటల్ కెమెరాకి తగిలించాను. ఈ జోడీతో ఎం (మాన్యువల్) మోడ్ ఒక్కటే పనిచేస్తుందని, వెలుతురు కొలిచే మీటర్ చూపించదని తెలుసు. అపర్చర్ (వెలుతురు వచ్చే రంధ్రం) లెన్స్ రింగుతోనే మారుస్తున్నాను.

ఎండలో ఇబ్బంది లేదు. ప్రకాశం బ్యారేజీ మీద మిట్టమధ్యాహ్నం ఐఎస్ఓ (సెన్సర్ సున్నితత్వం) 100, అపర్చర్ ఎఫ్ 16, షట్టర్ సెకనులో 100వ వంతు పెడితే ఫొటో చక్కగా వస్తోంది. చిక్కంతా కొండపల్లిలో వచ్చింది. బొమ్మలు చేసే ఒక పెద్దాయన వసారాలో కూర్చుని తెల్ల పొణికి కర్ర చెక్కుతున్నారు. వెలుతురు ఒక పక్క నుంచే పడుతోంది. ఐఎస్ఓ 800, ఎఫ్ 2, సెకనులో 125వ వంతు పెట్టాను. ఆయన ముఖం కనిపించేలా సరిచేస్తే కర్ర మీద వివరాలన్నీ తెల్లగా మాసిపోయాయి. కర్రను కాపాడితే ముఖం చీకటైంది. హిస్టోగ్రామ్ (వెలుగునీడల గ్రాఫ్) చూసి సర్దుకునేలోపు ఆ చేతుల కదలిక దాటిపోతోంది, అదే నన్ను బాధపెడుతోంది.

ఫోకస్ సంగతీ అంతే. వ్యూఫైండర్‌లో ఫోకస్ కుదిరిందని చెప్పే పచ్చ చుక్క వెలిగాకే నొక్కినా ఉలి మొనకు బదులు వెనుక వేలు స్పష్టంగా వస్తోంది. లైవ్ వ్యూలో (కెమెరా వెనుక తెరపై) పెద్దది చేసి చూస్తే కుదురుతుంది గానీ, కెమెరా చేతిలో నిలవదు.

ఇలాంటి చోట మీరు కర్రకు తగ్గట్టు ఎక్స్‌పోజర్ పెట్టి, రా ఫైలులో (కెమెరా మార్పులు చేయని అసలు ఫైలు) తర్వాత ముఖాన్ని వెలిగిస్తారా? ఫోనులోని లైట్ మీటర్‌ను నమ్మవచ్చా? అపర్చర్ ఎఫ్ 4కి తగ్గించి ఐఎస్ఓ పెంచడం మేలా? ఫొటోలు అచ్చువేయించి ఇస్తానని ఆయనకు మాటిచ్చాను. వచ్చే ఆదివారం మళ్లీ వెళుతున్నాను, దయచేసి ఈలోపు చెప్పండి.