అమ్మతో జపాన్: వాగాషి తయారీ, మచ్చా, టీ గిన్నెలు. ఉన్న ఒక్క రోజు ఎక్కడ గడపాలి?

పొద్దుతిరుగుడు అడిగారు:

అందరికీ నమస్కారం. నవంబర్ రెండో వారంలో అమ్మా నేనూ జపాన్ వెళ్తున్నాం. టోక్యోలో నాలుగు రోజులు, క్యోటోలో నాలుగు రోజులు. హోటళ్లు బుక్ చేసేశాను. మధ్యలో ఒక రాత్రి, ఒక పగలు మాత్రం కావాలనే ఖాళీగా వదిలాను. ఆ రోజు తనది అంటోంది అమ్మ.

తను రాత్రిళ్లు నిద్ర పట్టక ఫోన్‌లో వాగాషి, అంటే జపాన్ మిఠాయిల, వీడియోలు చూస్తుంటుంది. ఒకాయన అరచేతిలో గులాబీ రంగు ఉండ పెట్టుకుని, చిన్న చెక్కపుల్లతో గీతలు గీస్తాడు, అది పువ్వయిపోతుంది. "చూసింది చాలు, ఈసారి నేనే చెయ్యాలి" అని పట్టుబట్టింది. నాకేమో కుండలు, గిన్నెలు, మ్యూజియంలు ఇష్టం. అసలైన టీ కూడా ఒకసారి పద్ధతిగా తాగాలని ఉంది.

ఇదంతా క్యోటోలోనే చూసుకోవాలా, కనజావా వెళ్లడం మంచిదా? అమ్మ గుడ్డు ముట్టదు, జెలటిన్ అంటే ఆమడ దూరం. పైగా మోకాళ్ల నొప్పి, నేల మీద పది నిమిషాలు కూడా కూర్చోలేదు. టీ దగ్గర ఇబ్బంది పడుతుందేమోనని నా టెన్షన్. ఇంకో అనుమానం కూడా ఉంది. ఈ క్లాసుల్లో నిజంగా ఏమైనా నేర్పుతారా, లేక ఏప్రాన్ కట్టి ఫోటో తీసి పంపేస్తారా? వెళ్లొచ్చినవాళ్లు చెప్పండి.

మూడోకప్పు జవాబు:

అమ్మగారు చెయ్యాలి అన్నారు కాబట్టి నా ఓటు కనజావాకి. రెండేళ్ల కిందట నవంబర్‌లోనే ఒక్కదాన్నే వెళ్లొచ్చాను.

ముందు దారి సంగతి. క్యోటో చేరాక అక్కణ్నుంచి రానూపోనూ పెట్టుకోకండి. టోక్యోలో హొకురికు షింకన్‌సెన్ ఎక్కితే రెండున్నర గంటల్లో కనజావా. రాత్రి అక్కడ పడుకుని, మర్నాడు పగలంతా ఉండి, సాయంత్రం క్యోటో బయల్దేరండి. 2024 మార్చి నుంచి ఆ షింకన్‌సెన్ త్సురుగా దాకా నడుస్తోంది. త్సురుగాలో దిగి థండర్‌బర్డ్ రైలు మారాలి, మొత్తం రెండు గంటల పైచిలుకు. పెద్ద సూట్‌కేసులు మాత్రం మోసుకెళ్లకండి. టోక్యో హోటల్ కౌంటర్‌లో "తక్యుబిన్" అని చెబితే క్యోటో హోటల్‌కి పంపిస్తారు.

ఇక క్లాసు. కెన్‌రొకుఎన్ తోటని ఆనుకునే కాంకో బుస్సాన్‌కాన్ అని ఒక భవనం ఉంది, అక్కడ ఊరి మిఠాయి దుకాణాల పనివాళ్లే వచ్చి నేర్పుతారు. చిన్న దుకాణాల్లో కూడా క్లాసులుంటాయి. నేను వెళ్లింది అలాంటి ఒకదానికి, మేడ మీద గది, ఆరుగురం. మాష్టారు అరవై దాటిన మనిషి. ఇంగ్లీషు రాదు, ఆ లోటు ఎవరికీ తెలియలేదు.

మీ అమ్మగారు వీడియోల్లో చూసేది నెరికిరి. తెల్ల చిక్కుడు గింజలు ఉడకబెట్టి, వడగట్టి, పంచదారతో చేసిన ముద్దలో గ్యూహి అనే సాగే బియ్యప్పిండి ముద్ద కలిపి పొయ్యి మీద తిప్పుతారు. అదంతా మాష్టారు ముందే చేసి ఉంచుతారు, రంగులూ కలిపి ఉంటాయి. మనకి వదిలేది చేతిపని. లోపల పెట్టే అజుకి అనే ఎర్ర గింజల ముద్ద అచ్చం పూర్ణమే, యాలకులు ఉండవంతే.

వినడానికి తేలిక. గులాబీ ముద్దని బిళ్లలా ఒత్తి, దాని మీద తెల్లముద్ద పలచగా పరిచి, గులాబీ వైపు అజుకి ఉండ పెట్టి, తెలుపు బయటికి వచ్చేలా మూసెయ్యాలి. లోపలి రంగు తెల్లపొర కింద నుంచి లీలగా కనపడాలి, రహస్యమంతా అక్కడే. నేను కుడిచేతి వేళ్లతో లాగి లాగి మూశాను. ఒకపక్క మందం, ఒకపక్క చిరుగు. మాష్టారు నా ఎడమచేతిని పట్టుకుని ఉండని గుండ్రంగా తిప్పించారు. లాగడం కాదు, తిప్పడమే పని అని అప్పుడర్థమైంది. ఈలోగా నేను ఫోటోలు తీసుకుంటూ కూర్చోవడంతో రెండో ఉండ ఆరిపోయి అంచులు బీటలు వారాయి. ఆయన ఏమీ అనకుండా తడిగుడ్డ నా వైపు జరిపారు.

తర్వాత సంకకుబెరా, అంటే మూడంచుల చెక్క పనిముట్టు. దాని ఒక్కో అంచు ఒక్కో రకం గీత గీస్తుంది. కింద నుంచి నడిబొడ్డు దాకా ఒకే ఊపులో గీయాలి. నా చామంతి సైకిల్ పళ్లచక్రంలా వచ్చింది. అయినా చేతిలో పట్టుకుని పక్కనుంచి చూస్తే ఫర్వాలేదనిపించింది. మాష్టారు దాన్ని నల్లటి పళ్లెంలో పెట్టి నా ముందు కిందికి దించారు. పైనుంచి చూస్తే నడిబొడ్డు ఒక పక్కకి ఒరిగిపోయి ఉంది! అతిథి చూసేది ఆ వైపు నుంచే కదా. అందరి పళ్లేలూ అలా దించాక గదిలో కాసేపు నవ్వులే నవ్వులు.

కాబట్టి మీ చివరి అనుమానానికి జవాబు: ఏప్రాన్ కడతారు, ఫోటో తీస్తారు, నేర్పుతారు కూడా. గంటలో ఎంత వస్తుందో అంతే వస్తుంది అనుకోండి. నేను కట్టింది 3,000 యెన్ల లోపే.

ఆ రోజు వరస మాత్రం తప్పకండి. ముందు తయారీ, తర్వాత టీ, ఆఖర్న మ్యూజియం. టోక్యోలో నేను మ్యూజియం ముందు పెట్టుకున్నాను. అద్దాల వెనక నల్లగా, వంకరగా ఉన్న టీ గిన్నెల ముందు అయిదు నిమిషాలు నిలబడి, వీటిలో ఏముందబ్బా అనుకుని వచ్చేశాను. కనజావాలో నెరికిరి చేసిన మధ్యాహ్నమే ఒక చోట ఓహి గిన్నెలో టీ ఇచ్చారు. ఓహి కుండల పని 1666లో ఇక్కడ మొదలైంది. ఈ ఊరిని ఏలిన మయేదా ప్రభువు పిలుపు మీద సెన్సో అనే టీ గురువు క్యోటో నుంచి వస్తూ, రాకు కుమ్మరుల దగ్గర పని నేర్చిన ఒకతన్ని వెంట తెచ్చుకున్నాడు. వీళ్లు చక్రం వాడరు, చేత్తోనే మలుస్తారు. పైపూత ముదురు బెల్లప్పాకం రంగులో మెరుస్తుంది. గిన్నెని రెండు చేతుల్లోకి తీసుకుంటే నా బొటనవేలు ఒక పల్లంలో సరిగ్గా కూర్చుంది. పొద్దున నా ఉండ మీద పడ్డ పల్లమూ అలాంటిదే. నాది పొరపాటు, ఆయనది కావాలని వదిలింది, అంతే తేడా.

టీ గురించి రెండే మాటలు. మిఠాయి ముందు పూర్తిగా తినేయాలి, టీతో కలిపి నంజుకోకూడదు. మచ్చాలో, అంటే ఆ పచ్చటి టీలో, పంచదార ఉండదు. రెండు గ్రాముల పొడి, కాస్త చల్లార్చిన వేడినీళ్లు, చసెన్ అనే వెదురు కుంచెతో నురగ. నాలుక మీద మిగిలిన తీపిని ఆ చేదు కడిగేస్తుంది. నెరికిరి విడిగా తింటే వెగటు అనేవాళ్లు టీ లేకుండా తిన్నవాళ్లే. గిన్నె అందుకున్నాక కొంచెం తిప్పి, బొమ్మ ఉన్న ముందువైపు నోటికి తగలకుండా తాగాలి. ఉంగరాలు, గాజులు, వాచీ ముందే తీసి పెట్టుకోండి, గిన్నెకి గీతలు పడతాయి. ఆ రోజు సెంటు కూడా వద్దు.

మోకాళ్లకి బెంగ పడొద్దు. రియూరే అని బల్లా పీటల పద్ధతి ఒకటి ఉంది. 1872లో క్యోటోలో ఎగ్జిబిషన్ పెట్టినప్పుడు, విదేశీ అతిథుల్ని దృష్టిలో పెట్టుకుని ఉరాసెంకే అనే టీ సంప్రదాయం పదకొండో గురువు గెంగెన్‌సై రూపొందించాడు. అంటే మీ అమ్మగారు అడిగేది మినహాయింపు కాదు, నూటయాభై ఏళ్ల సంప్రదాయం! బుక్ చేసేటప్పుడు "ఇసు", అంటే కుర్చీ, ఉందా అని అడగండి చాలు.

మ్యూజియం: ఇషికావా ప్రిఫెక్చర్ ఆర్ట్ మ్యూజియం, తోట పక్కనే. నోనొమురా నిన్‌సే అనే కుమ్మరి చేసిన నెమలిజాతి పక్షి ధూపపాత్ర ఒక్కటి చూసినా చాలు. 2004లో కట్టిన గుండ్రటి కొత్త మ్యూజియం కూడా దగ్గరే. అక్కడ ఈతకొలనులా కనపడే ఒక కళాకృతి ఉంది, దాని అడుగున దిగాలంటే ముందే బుక్ చేసుకోవాలి. నేను వదిలేశాను.

గొడుగు మర్చిపోకండి. "అన్నం డబ్బా మర్చిపోయినా గొడుగు మర్చిపోకు" అనేది అక్కడివాళ్ల సామెత.

నిదానస్తుడు జవాబు:

మూడోకప్పు గారు ఏమనుకోకపోతే, నాది వేరే మాట. నేను రెండు క్లాసులకి వెళ్లాను, రెండింటిలోనూ నా ధ్యాసంతా నా చేతుల మీదే. పనివాడి చేతులు చూడనే లేదు. క్యోటోలో ఇమాదెగావా, హొరికావా వీధులు కలిసేచోట త్సురుయా యొషినొబు దుకాణం ఉంది, 1803 నాటిది. మేడ మీద కౌంటర్ ముందు కూర్చుంటే మన కళ్లెదుటే చేసి, టీతో పెడతారు. కింటోన్ చేయడం చూడండి: రంగుముద్దని జల్లెడలోంచి ఒత్తితే సన్నటి పోగులు రాలతాయి, వాటిని చాప్‌స్టిక్స్ కొసలతో ఒక్కొక్కటే ఉండకి అంటిస్తాడు, ఒక్కటీ నలగదు. నేను టీ తాగడం మర్చిపోయాను.

అక్కణ్నుంచి రాకు మ్యూజియం నడిచి వెళ్లేంత దూరం. టీ గురువు రికియూ కోసం చోజిరో అనే కుమ్మరి చేసిన నల్ల గిన్నెల వంశం అది. గిన్నెల పిచ్చి ఉన్నవాళ్లు అది చూడకుండా క్యోటో దాటకూడదు. సోమవారం సెలవు, చూసుకోండి.

నగోయాలో_నాలుగేళ్లు జవాబు:

గుడ్డు, జెలటిన్ సంగతి నేను చెప్తాను, ఇది నా రోజువారీ యుద్ధం.

వాగాషిలో ఎక్కువ భాగం గింజలు, బియ్యప్పిండి, పంచదార. గడ్డకట్టడానికి కాంటెన్ వాడతారు, అది సముద్రపు నాచు. అందుకే యోకాన్ అనే జెల్లీ లాంటి గింజల మిఠాయి నిర్భయంగా తినొచ్చు. తమాషా ఏంటంటే, యోకాన్ అని రాసే అక్షరాల అర్థం "గొర్రె పులుసు". చైనాలో అది నిజంగానే మాంసం వంటకం, జపాన్ బౌద్ధ సన్యాసులు గింజలతో చేసుకుని పేరు అలాగే ఉంచేశారు. ఫోన్ అనువాదంలో గొర్రె కనపడితే అమ్మగారు కంగారు పడకుండా ముందే చెప్పండి.

గుడ్డు ఉండేవి: దొరయాకి, కాస్తెరా, కిమిషిగురె. ఈ మూడోది మోసం, పైకి పగుళ్లతో మామూలు ఉండలాగే ఉంటుంది, కానీ ఆ ముద్దలో పచ్చసొన కలుపుతారు. గ్యూహిలో కూడా కొందరు తెల్లసొన కలుపుతారు కాబట్టి క్లాసు బుక్ చేసేటప్పుడే అడగాలి. "తమాగో" అంటే గుడ్డు, "జెరాచిన్" అంటే జెలటిన్. జపనీస్‌లో ఒక చీటీ రాయించి పెట్టుకోండి. అక్కడికక్కడ అడిగితే పాపం వాళ్లు ఇబ్బంది పడతారు.

నవంబర్ అన్నారు కాబట్టి ఇంకొకటి. టీ వాళ్లకి ఆ నెల కొత్త సంవత్సరం లాంటిది. వేసవి పొయ్యి తీసేసి, నేలలోని పొయ్యి తెరుస్తారు, అప్పుడు తినే మిఠాయి ఇనోకొమొచి. క్యోటోలో కనపడితే వదలొద్దు.

పొద్దుతిరుగుడు:

అందరికీ బోలెడు థాంక్స్. కనజావాలో ఒక రాత్రి బుక్ చేశాను. నిదానస్తుడు గారూ, రాకు మ్యూజియం క్యోటో రెండో రోజుకి పెట్టాను, ఆ కౌంటర్ కూడా. అమ్మకి ఈ థ్రెడ్ మొత్తం చదివి వినిపించాను. సైకిల్ పళ్లచక్రం దగ్గర ఆపించి మళ్లీ చదివించుకుంది. ఇప్పుడు చపాతీ పిండితో ఉండలు చేసి, టూత్‌పిక్‌తో రేకులు గీస్తోంది. ఇంకో మాట, మేం చేసినవి టోక్యో స్నేహితులకి పంపొచ్చా?

మూడోకప్పు:

పంపొద్దండీ, నెరికిరి ఆ రోజే తినేయాలి. ఎవరికైనా ఇవ్వాలంటే వసంబోన్ పంచదారని చెక్క అచ్చుల్లో ఒత్తి చేసే పొడి మిఠాయిలు కొనండి, నిలవుంటాయి.

చపాతీ పిండి మీద గీత మళ్లీ మూసుకుపోతుంది, దాంతో అమ్మగారికి విసుగొస్తుంది. ఉడికించిన బంగాళాదుంప మెత్తగా మెదిపి ఇవ్వండి, గీత నిలుస్తుంది. పక్కన తడిగుడ్డ పెట్టుకోమనండి. ఫోన్ మీరు తీసుకోండి.