మొదటి ఏడాది యువ సర్పంచ్ దేనికి ముందుపీట వేయాలి?

చర్చకు పెట్టిన ప్రశ్న

రాజ్యాంగంలోని 243-ఎఫ్ అధికరణం ప్రకారం 21 ఏళ్లు నిండినవారికి పంచాయతీకి పోటీ చేయడానికి వయసు అడ్డు కాదు. ఈ అవకాశంతో చదువు ముగించుకుని నేరుగా ఊరి పెత్తనంలోకి వస్తున్న యువతీయువకులు ఇప్పుడు రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ కనిపిస్తున్నారు. ప్రమాణ స్వీకారం రోజున వారు చెప్పే మాటల్లో సీసీ రోడ్లు, వీధి దీపాలు, మురుగు కాల్వలే ముందు వరుసలో ఉంటాయి. కొత్త పనులు మొదలుపెట్టే ముందు గ్రామసభను, పంచాయతీ లెక్కలను, ఉన్న నీటి సరఫరాను చక్కదిద్దాలని మరికొందరి వాదన. మొదటి ఏడాదిలో ఏది ముందుండాలో సభ్యులు కారణాలతో చెప్పగలరు.

పనులే ముందన్న సభ్యుడు

ఇంటి ముందు బురద పోవాలని, చీకటి పడితే స్తంభానికి దీపం వెలగాలని ఓటు వేసిన మనిషికి ముందు ఆ రెండూ జరగాలి. వయసులో చిన్నవాడైన సర్పంచ్‌ను ఊరి పెద్దలు మొదటి ఆరు నెలలూ పరీక్షగా చూస్తారు. ఆలోగా చెప్పుకోదగ్గ పని ఏదీ జరగకపోతే "కుర్రాడికి చేతకాదు" అన్న ముద్ర పడిపోతుంది, ఆ తరువాత అతడు ఎంత గొప్ప ఉద్దేశంతో గ్రామసభ పిలిచినా నలుగురు కూడా రారు.

మహారాష్ట్రలోని హివరే బజార్‌ను అందరూ ఉదాహరణగా చెబుతారు కాబట్టి నేనూ అదే చెబుతాను. 1989లో పోపట్‌రావ్ పవార్ అక్కడ సర్పంచ్ అయినప్పుడు ఎం.కాం. చదివిన యువకుడు. కరవుతో వలస పోతున్న ఆ ఊరిని నిలబెట్టినవి కందకాలు, గట్లు, ఊటకుంటలు. అవన్నీ కంటికి కనిపించే పనులే కదా! తీర్మానాల పుస్తకం చూపించి ఎవరూ ఊళ్లోకి వలసవాళ్లను వెనక్కి రప్పించలేరు.

పంచాయతీ కార్యదర్శిగా పనిచేసి విరమించిన సభ్యుడు

పై మిత్రుడి ఆరాటం నాకు అర్థమవుతోంది. అయితే సర్పంచ్ చేతికి వచ్చే డబ్బు ఎలాంటిదో తెలియకుండా ప్రాధాన్యాలు రాసుకోవడం వల్ల ఎందరో యువకులు దెబ్బతిన్నారు కాబట్టి, అక్కడి నుంచే మొదలుపెడతాను.

15వ ఆర్థిక సంఘం 2021-26 కాలానికి గ్రామ పంచాయతీలకు సిఫారసు చేసిన గ్రాంటులో 60 శాతం టైడ్ గ్రాంటు, అంటే నిర్దేశించిన పనులకే వాడవలసిన సొమ్ము. అందులో సగం పారిశుద్ధ్యానికి, సగం తాగునీటికి, వాన నీటి నిల్వకు ఖర్చు చేయాలని షరతు పెట్టింది. మిగిలిన 40 శాతాన్ని ఊరి అవసరాన్ని బట్టి వాడుకోవచ్చు గాని జీతాలకు వాడరాదంది. అంటే కొత్త సర్పంచ్ కుర్చీలో కూర్చునేసరికే నిధుల్లో పెద్ద భాగానికి దారి నిర్ణయమై ఉంటుంది. అతడు సొంతంగా కదిలించగలిగేది అలా షరతు లేని భాగాన్ని, ఇంటి పన్ను, నల్లా పన్నులతో వచ్చే జనరల్ ఫండ్‌ను మాత్రమే. ఆ పన్నుల డిమాండ్ రిజిస్టరును ఒకసారి కార్యదర్శితో కలిసి తిరగేసి చూడమని ప్రతి కొత్త సర్పంచ్‌నూ బతిమాలుతాను. కొత్తగా లేచిన మేడలు పాత పెంకుటిళ్ల లెక్కలోనే పన్ను కడుతూ ఉండడం అందులో కనబడుతుంది.

రెండో సంగతి ఇంకా బాధాకరమైనది. పని పూర్తయ్యాక ఏఈ (అసిస్టెంట్ ఇంజినీర్) కొలిచి ఎంబీ (కొలతల) పుస్తకంలో రికార్డు చేయాలి, పై అధికారి సరిచూడాలి, బిల్లు ట్రెజరీకి చేరాలి, ఆపైన డబ్బు రావాలి. ఈ వరుసలో ఎక్కడ ఆగినా భారం సర్పంచ్ మీదే పడుతుంది. తెలంగాణలో 2024 ఫిబ్రవరిలో పదవీకాలం ముగిసిన సర్పంచులు పెండింగ్ బిల్లుల కోసం రోడ్డెక్కడం మనమంతా చూశాం. పేరు రావాలన్న తొందరలో మిత్తికి తెచ్చి రోడ్డు పోయించిన ఇరవై అయిదేళ్ల యువకుడు మిగిలిన నాలుగేళ్లూ ఆ అప్పు తీర్చుకునే ఆలోచనలోనే గడుపుతాడు. అతడిలో సేవ చేయాలన్న ఉత్సాహం చచ్చిపోవడానికి నేను చూసినంతలో అన్నిటికంటే పెద్ద కారణం ఇదే.

అందుకే మొదటి ఏడాది కొత్త నిర్మాణం కంటే ఉన్నదాన్ని సరిగా నడిపించడమే ముఖ్యమంటాను. తాగునీటి ట్యాంకునే తీసుకోండి. బ్లీచింగ్ పౌడర్ కొత్త సంచిలో క్లోరిన్ సుమారు మూడో వంతు ఉంటుంది. మూతి విప్పి మూలన పడేసిన సంచిలో ఆ బలం వారాల్లోనే తగ్గిపోతుంది. వర్కర్ రోజూ అంతే పొడి కలుపుతాడు, రిజిస్టరులో టిక్కు పడుతుంది, చివరి వీధి నల్లాకు వచ్చే నీళ్లలో మాత్రం క్లోరిన్ ఉండదు. ఆ నీటిలో లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాముల క్లోరిన్ మిగలాలని బీఐఎస్ (భారతీయ ప్రమాణాల సంస్థ) ప్రమాణం చెబుతోంది. గొట్టంలో నీళ్లు పట్టి, క్లోరిన్ పరీక్ష కిట్‌లోని మందు కొన్ని చుక్కలు వేస్తే రంగు (ఆర్థోటాలిడిన్ మందైతే పసుపు) తేలాలి. రంగు రాకపోతే ఆ వీధి పిల్లలకు వానాకాలంలో విరేచనాలు పట్టుకునే ప్రమాదం ఉందని అర్థం. ఈ పరీక్షకు పట్టే సమయం పది నిమిషాలు కూడా ఉండదు, ఖర్చు దాదాపు లేదు, శిలాఫలకం అసలే ఉండదు.

ఇక హివరే బజార్ గురించి. కందకాలు తవ్విన ఊళ్లు దేశంలో చాలా ఉన్నాయి. సాగుకు బోర్లు వేయరాదని, ప్రతి ఏటా నీటి లెక్క కట్టి దాన్నిబట్టే పంటలు వేసుకోవాలని గ్రామసభలో కట్టుబాటు చేసుకుని దశాబ్దాలుగా పాటించడం వల్ల అక్కడ ఆ నీళ్లు నిలిచాయి. ఆ కట్టుబాటు లేకపోతే ఊటకుంట నింపిన నీటిని పక్క పొలం బోరు తోడేసేది.

వార్డు సభ్యురాలిగా పనిచేసిన మహిళ

ఇద్దరూ గ్రామసభ అంటున్నారు గాని అది ఏ వేళకు జరుగుతుందో, ఎక్కడ జరుగుతుందో అడగలేదు. పొద్దున పదకొండింటికి పంచాయతీ ఆఫీసు ముందు కుర్చీలు వేస్తే, కూలికి వెళ్లిన ఆడవాళ్లు ఎలా వస్తారు? ఊరి నడుమ అరుగు దగ్గర పెడితే ఎస్సీ కాలనీ వాళ్లు ఓ పక్కగా నిలబడి వెళ్లిపోతారు. సంతకాలు మాత్రం తరువాత ఇళ్ల వెంట తిరిగి పెట్టించుకుంటారు. రెండు రాష్ట్రాల్లోనూ పంచాయతీల్లో సగం స్థానాలు మహిళలకు కేటాయించారు. అయినా మహిళా సర్పంచ్ ఉన్న ఊళ్లో కూడా మైకు ఆమె భర్త చేతిలోనే ఉండడం నేను కళ్లారా చూశాను.

యువ సర్పంచ్ నుంచి నేను ఆశించేది ఇది. గ్రామసభకు ముందు ప్రతి వాడలోనూ రాత్రి ఏడు దాటాక చిన్న సమావేశం పెట్టాలి, అక్కడ చెప్పిన సమస్యను చెప్పినవారి మాటల్లోనే ఎజెండాలో ఎక్కించాలి. కార్యదర్శిగారు చెప్పిన నీటి పరీక్ష కూడా మా చేతికి ఇవ్వవచ్చు. ఇంటింటికీ నల్లా నీళ్లిచ్చే కేంద్ర పథకం జల్ జీవన్ మిషన్ మార్గదర్శకాలు ప్రతి ఊళ్లో అయిదుగురికి, వీలైనంతవరకు మహిళలకే, కిట్‌తో నీటిని పరీక్షించడంలో శిక్షణ ఇవ్వమంటున్నాయి. గ్రామ నీటి, పారిశుద్ధ్య కమిటీలో సగం మంది మహిళలుండాలనీ చెబుతున్నాయి. కాగితం మీదున్న ఆ కమిటీని కదిలించడానికి కొత్త నిధులేమీ అక్కర్లేదు.

పనులే ముందన్న సభ్యుడు

అప్పుల సంగతి నేను తక్కువగా అంచనా వేశాను గనుక, సొంత డబ్బుతో పనులు మొదలుపెట్టవద్దన్న మాటతో ఏకీభవిస్తున్నాను. అయితే వీధి దీపాల మరమ్మతు, కాల్వల పూడికతీత లాంటి చిన్న పనులైనా మొదటి నెలలోనే జరగాలన్న వాదనను వదులుకోను. రెండు వర్గాలుగా చీలిన ఊళ్లో గ్రామసభ పిలిస్తే జరిగేది వాగ్వాదమే. తెలంగాణ 2018 పంచాయతీరాజ్ చట్టం ప్రకారం చెక్కు మీద సర్పంచ్‌తో పాటు ఉపసర్పంచ్ కూడా సంతకం పెట్టాలి. ఉపసర్పంచ్ అవతలి వర్గం మనిషి అయితే, లెక్కలు ఎంత తెరిచి చూపినా సంతకం ఎలా పడుతుంది?

విరమించిన కార్యదర్శి

మరమ్మతులు మొదటి నెలలోనే జరగాలన్న మాట సబబే, అవి కూడా ఉన్నదాన్ని నడిపించడంలో భాగమే.

సంతకం విషయానికి వస్తే, వచ్చిన సొమ్మెంత, ఖర్చెంత, ఏ పనికి ఎంత అన్నది పంచాయతీ గోడ మీద పెద్ద అక్షరాలతో రాయించి, గ్రామసభలో చదివి వినిపించి తీర్మానం చేయించిన ఖర్చును ఉపసర్పంచ్ ఆపితే, కారణం జనానికి చెప్పుకోవలసింది ఆయనే. ఉపాధి హామీలో 2006 నుంచి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో జరిగిన సామాజిక తనిఖీల్లో మస్టర్లను (కూలీల హాజరు పట్టీలను) ఊరి ముందు బిగ్గరగా చదవడం మన ఊళ్లకు అలవాటైన పద్ధతే. అప్పటికీ సంతకం పెట్టకపోతే ఆ విషయాన్ని, ఆయన చెప్పిన కారణంతో సహా, మినిట్స్ పుస్తకంలో అదే రోజు రాయించి, తీర్మానం నకలు జత చేసి మండల పంచాయతీ అధికారికి, జిల్లా పంచాయతీ అధికారికి లిఖితపూర్వకంగా పంపాలి. నోటిమాటగా ఫిర్యాదు చేసి ఊరుకుంటే రేపు పని ఎందుకు ఆగిందో చూపడానికి సర్పంచ్ దగ్గర ఆధారం ఉండదు.