తాతగారి 1969 జావా: కొత్తగా చేయించాలా, ఉన్నది ఉన్నట్టు ఉంచాలా?

తెనాలి కుర్రోడు:
అన్నలూ, మా తాతగారి జావా 250 మోటార్‌సైకిల్ ఇన్నేళ్లూ వడ్ల కొట్టులో గోనెపట్టాల కింద పడుంది. 1969 బండి, మైసూరు తయారీ, ఆర్‌సీ ఉంది, మీటరు 8,714 కిలోమీటర్ల దగ్గర ఆగింది. మెరూన్ రంగు వెలిసింది గానీ ట్యాంకు మీద బంగారు గీతలు ఇంకా ఉన్నాయి, వెనక మడ్‌గార్డు అంచుకి తుప్పు పట్టింది. మెకానిక్ మొత్తం విప్పేసి పౌడర్ కోటింగు, కొత్త క్రోమింగు చేసి షోరూం బండిలా ఇస్తానంటున్నాడు, 70 వేలు అడిగాడు. నాన్న సరే అంటున్నారు, నాకే మనసొప్పడం లేదు. ఏం చేయమంటారు?

రెండు సైలెన్సర్లు:
ముందు ఆ మీటరు నిజం చెబుతోందో లేదో చూడు తమ్ముడూ. కేబుల్ తెగినా పట్టించుకోకుండా ఏళ్ల తరబడి తిప్పినవాళ్లున్నారు. ఫుట్‌రెస్టు రబ్బర్లు అరిగాయా, కిక్కూ గేరూ ఒకటే రాడ్డు కదా, దాని రబ్బరు ఎలా ఉంది, చైన్ కేసు విప్పి స్ప్రాకెట్, అదే చైన్ తిరిగే చక్రం, దాని పళ్లు కొక్కేల్లా వంగాయా, ఇవి చూస్తే తెలిసిపోతుంది. నిజంగా అంతే తిరిగితే రంగు జోలికి పోకు. జావా తర్వాత అదే కంపెనీ తెచ్చిన యెజ్డీ నాది, దానికి నేను ఆ తప్పు చేశాను. చేత్తో వేసిన గీతలు, ఒకచోట లావు ఒకచోట సన్నం, వాటిని గీకేసి స్టిక్కర్ అంటించి ఇచ్చారు. ఇప్పుడు పార్కింగులో చూస్తే ఎవరి బండో అనిపిస్తుంది.

గ్రీజు చేతులు:
రంగు సరే, ఇంజిన్‌కి సెంటిమెంటు తెలీదన్నా. ఇన్నేళ్లు నిలబడితే క్రాంక్ ఆయిల్ సీల్స్, అంటే ఇంజిన్‌లోకి బయటి గాలి చొరబడకుండా ఆపే రబ్బరు రింగులు, గట్టిపడతాయి, అక్కడ గాలి లాగిందంటే పెట్రోలు చాలక పిస్టన్ వేడెక్కి పట్టేస్తుంది. అందుకే కిక్ కొట్టొద్దు. ప్లగ్ విప్పి లోపల కాస్త ఆయిల్ పోసి రెండు రోజులు వదిలెయ్, తర్వాత టాప్ గేరులో పెట్టి వెనక చక్రం చేత్తో మెల్లగా తిప్పు. సీల్స్, టైర్లు, బ్రేకు షూలు, పెట్రోలు పైపు మార్చినంత మాత్రాన బండి ఒరిజినాలిటీ ఎక్కడికీ పోదు, పైగా ఇప్పటి పెట్రోలులో ఇథనాల్ పాత రబ్బరును పాడుచేస్తుంది. ఆ మడ్‌గార్డు తుప్పుని మాత్రం ఒరిజినల్ పేరు చెప్పి వదిలేస్తే అది బద్ధకమే, సన్న స్టీల్ పీచుతో ఆయిల్ పెట్టి రుద్ది మైనం పట్టించు.

ఆర్‌సీ బాబాయ్:
ఇంకో సంగతి. 2021లో వచ్చిన కేంద్ర నిబంధనల్లో 50 ఏళ్లు దాటి, ఛాసిస్, బాడీ, ఇంజిన్లలో పెద్ద మార్పులు లేకుండా అసలు రూపంలో ఉన్న బండే వింటేజ్. అలాంటి వాటికి వీఏ అక్షరాలతో వేరే నంబరు ఇస్తారు. కానీ ఆ నంబరు తీసుకుంటే ప్రదర్శనకో ర్యాలీకో, పెట్రోలుకో రిపేరుకో తప్ప రోజూ తిప్పకూడదు. ఆదివారం టిఫిన్‌కి వేసుకెళ్లాలనుంటే మామూలు ఆర్‌సీనే ఐదేళ్లకోసారి రెన్యువల్ చేయించుకో.

తెనాలి కుర్రోడు:
పళ్లు చూశాను బాబాయ్, అన్నలూ, వంపు లేదు. సైడు బాక్సు మూత తీసి లోపలివైపు తుడిస్తే మెరూన్ నిన్న వేసినట్టుంది. అందులోనే తాతగారు పెట్రోలులో కలిపే ఆయిల్ కొలుచుకునే చిన్న గాజు గ్లాసు దొరికింది, అడుగున జిడ్డు గడ్డకట్టి ఉంది. నాన్న దాన్ని వాసన చూసి జేబులో వేసుకున్నారు, 70 వేల మాట మళ్లీ ఎత్తలేదు. మంచి సీల్స్ ఎక్కడ దొరుకుతాయో ఎవరైనా చెప్పండి.