కంప్యూటరు దగ్గర పొరపాటు జరిగితే అది ఎవరిది? మీ అనుభవాలు చెప్పండి

తొలితెర:
పెద్దవయసు వారికి కంప్యూటరు వాడకం నేర్పడం మొదలుపెట్టి నాలుగేళ్లయింది. తరగతిలో ఏ చిన్న తేడా వచ్చినా వారి నోట ముందుగా వచ్చే మాట “నేనే ఏదో తప్పు నొక్కాను” అన్నదే. గతవారం ఒక పెద్దాయన గంటసేపు కూర్చుని రాసుకున్న ఉత్తరం పోయింది. మూసేటప్పుడు తెర మీద “మార్పులను భద్రపరచాలా?” అన్న ప్రశ్న వస్తే ఆయన “వద్దు” నొక్కారు. ఎందుకని అడిగితే, “నేను రాశానే గాని దేన్నీ మార్చలేదు కదా” అన్నారు. ఆ జవాబులో నాకు ఏ లోపమూ కనిపించలేదు. అప్పటికి మాత్రమే నిలిచే మెమరీలో ఉన్న ప్రతికీ, యంత్రం ఆపినా నిలిచే డిస్కులో ఉన్న ప్రతికీ మధ్య తేడాను గురించి యంత్రం అడిగింది. అసలు రెండు ప్రతులు ఉంటాయన్న సంగతే ఆయనకు తెర ఎక్కడా చెప్పలేదు. ఇలాంటి అనుభవాలు మీకూ ఉంటే, వాటి వెనుకనున్న చరిత్ర తెలిసి ఉంటే, దయచేసి వివరంగా రాయండి.

డెబ్బైరెండో గడి:
నేను పంచ్ కార్డుల మీద, అంటే రంధ్రాలతో అక్షరాలను గుర్తించే అట్టముక్కల మీద, ఫోర్ట్రాన్ అనే ప్రోగ్రామింగ్ భాష నేర్చుకున్నాను. 1928లో ఐబీఎం తెచ్చిన 80 నిలువు వరుసల కార్డే అప్పటికీ వాడుకలో ఉండేది. దానిలో 7 నుంచి 72 వరకు ఉన్న వరుసల్లో పడినదాన్నే, ప్రోగ్రామును యంత్రభాషలోకి మార్చే కంపైలర్ ఆదేశంగా తీసుకునేది. 73వ వరుస నుంచి పడిన అక్షరాలను ఏ హెచ్చరికా లేకుండా వదిలేసేది. ఒకసారి నా ఆదేశం పొడవు పెరిగి, చివరనున్న చరరాశి (విలువను దాచుకునే చోటు) పేరులోని ఒక అక్షరం ఆ హద్దు దాటింది. ఆ భాషలో చరరాశులను ముందుగా ప్రకటించనక్కరలేదు కనుక, మిగిలిన పొట్టి పేరును కంపైలర్ కొత్త చరరాశిగా స్వీకరించింది. ప్రోగ్రాము ఎక్కడా ఆగలేదు, జవాబు మాత్రం తప్పు వచ్చింది. కార్డుల కట్ట ఇచ్చాక ఫలితం మర్నాటికి గాని చేతికి వచ్చేది కాదు. ఆ ఒక్క అక్షరాన్ని పట్టుకోవడానికి నాకు నాలుగు రోజులు పట్టింది.

మాలో ఎవరమూ యంత్రాన్ని తప్పుపట్టలేదు. యంత్రం పనిచేసే నిమిషం మనిషి పనిచేసే రోజు కంటే విలువైనదని నమ్మిన కాలమది. కట్ట చేజారి చెదిరినా మళ్లీ వరుసలో పేర్చుకునేందుకు దాని అంచు మీద ఏటవాలుగా ఒక గీత గీసి పెట్టుకోవడం వంటి జాగ్రత్తలన్నీ మనిషే నేర్చుకున్నాడు. ఈ లెక్కను మార్చింది 1961లో అమెరికాలోని ఎం.ఐ.టి. విశ్వవిద్యాలయంలో ఫెర్నాండో కోర్బాటో బృందం ప్రదర్శించిన సీటీఎస్ఎస్ అనే వ్యవస్థ అని నా అభిప్రాయం. ఒకే యంత్రం తన సమయాన్ని చిన్న చిన్న ముక్కలుగా పలువురికి పంచడంతో, అది తనతోనే పనిచేస్తున్నదని ప్రతివారికీ అనిపించేది. మౌస్‌ను తలచుకున్నంతగా దీన్ని ఎవరూ తలచుకోరు గాని, చేసిన తప్పు చేసిన వెంటనే కంటపడడం ఇలాంటి వ్యవస్థలతోనే మామూలు విషయమైంది.

అంచుమీట:
వస్తువుల రూపకల్పనను అధ్యయనం చేసిన డొనాల్డ్ నార్మన్, మనిషికీ యంత్రానికీ మధ్య ఉండే రెండు అగాధాలను గురించి చెప్పారు. మనసులోని పనిని యంత్రం ఒప్పుకునే చర్యగా మార్చడంలో ఎదురయ్యేది ఒకటి, యంత్రం ఏ స్థితిలో ఉన్నదో గ్రహించడంలో ఎదురయ్యేది మరొకటి. పెద్దాయనా, ఫోర్ట్రాన్ రాసిన మిత్రులూ ఇద్దరూ రెండో దానిలోనే పడ్డారని నేననుకుంటున్నాను.

తెరల రూపకల్పన నా వృత్తి. మేము తయారుచేసిన ఒక ప్రోగ్రాము, ఏది తొలగించబోయినా “నిజంగా తొలగించాలా?” అని అడిగేది. వాడేవారి పక్కన కూర్చుని గమనిస్తే, ప్రశ్న చదివేంత వ్యవధి కూడా లేకుండానే వారు “అవును” నొక్కేస్తున్నారు. అదే ప్రశ్న రోజుకు ఇరవైసార్లు ఎదురైతే, వేలికి జవాబు అలవాటైపోతుంది. ఆ ప్రశ్నను తీసేసి, తొలగించినదాన్ని తిరిగి తెచ్చుకునే వీలు కల్పించాక ఫిర్యాదులు దాదాపు ఆగిపోయాయి.

మీట పరిమాణం కూడా తప్పులకు కారణమే. లక్ష్యం ఎంత దూరంగా, ఎంత చిన్నగా ఉంటే చెయ్యి దాన్ని చేరడానికి అంత ఎక్కువ సమయం పడుతుందని, ఆ సమయం దూరానికీ వెడల్పుకూ గల నిష్పత్తి యొక్క లాగరిథమ్‌ను అనుసరించి పెరుగుతుందని 1954లో మనస్తత్వ శాస్త్రవేత్త పాల్ ఫిట్స్ చూపించారు. జిరాక్స్ సంస్థ పరిశోధనశాల అయిన పార్క్‌లోని పరిశోధకులు స్టూవర్ట్ కార్డ్, విలియం ఇంగ్లిష్, బెట్టీ బర్ మౌస్‌ను జాయ్‌స్టిక్‌తోనూ మీటలతోనూ పోల్చి 1978లో ప్రచురించిన ప్రయోగంలో మౌస్ కదలికలు ఈ సూత్రానికే లోబడి ఉన్నాయి. డగ్లస్ ఎంగెల్‌బార్ట్ అనే ఇంజనీరు ఊహించిన తొలి మౌస్‌ను 1964లో తన చేతులతో తయారుచేసినది ఈ ఇంగ్లిష్ గారే. తొలితెర గారూ, మీ తరగతిలో చేతులు వణికేవారు ఉంటే కర్సర్ వేగం తగ్గించి, బొమ్మల పరిమాణం పెంచి చూడండి.

చెవితో చదువరి:
నాకు చూపు లేదు. మౌస్‌నూ బొమ్మల తెరలనూ అందరికీ దక్కిన మేలుగా చెప్పడం వింటే నాకు బాధ కలుగుతుంది. విండోస్‌కు ముందు వాడుకలో ఉన్న డాస్ తెర మీద ఉండేవన్నీ అక్షరాలే కనుక, చదివి వినిపించే ప్రోగ్రాము వాటిని నేరుగా తీసుకుని పలికేది. 1989లో వచ్చిన జాస్ అటువంటిదే. బొమ్మల తెర వచ్చాక అక్కడ మిగిలినవి రంగు చుక్కలు. ఫలానా చుక్కల గుంపు ఒక మీట అని, దాని పేరు ఫలానా అని ప్రోగ్రాము రాసినవారు విడిగా చెప్పకపోతే వినిపించే సాధనానికి అది తెలిసే దారి లేదు. జాస్ విండోస్ రూపం 1995లో వచ్చింది. అంతవరకూ నా సహోద్యోగులు కొత్త తెరలకు మారిపోతే నేను పాత యంత్రం దగ్గరే ఉండిపోయాను. నిన్న కూడా ఒక దరఖాస్తు నింపుతూ “బటన్, బటన్, బటన్” అని మూడుసార్లు విన్నాను. వాటిలో ఒకటి పంపేది, ఒకటి చెరిపేది. నేను చెరిపేది నొక్కాను.

నియంత్రణ గది:
థెరాక్-25 అనే రేడియేషన్ చికిత్స యంత్రం 1985, 1987 మధ్య 6 సందర్భాల్లో రోగులకు ప్రమాదకరమైన మోతాదు ఇచ్చింది. వారిలో కొందరు మరణించారు. ఒక సందర్భంలో ఆపరేటర్ ఎలక్ట్రాన్ కిరణానికి బదులు ఎక్స్-రే అని పొరపాటున టైపు చేసి, వెంటనే దిద్దుకున్నారు. తెర మీద దిద్దుబాటు కనిపించింది గాని యంత్రం లోపలి అమరిక దానికి తగ్గట్టు మారలేదు. “మాల్‌ఫంక్షన్ 54” అన్న సందేశం మాత్రం వచ్చింది; అటువంటి సంఖ్యలు తరచుగా వచ్చేవే కనుక, ఆపరేటర్ కొనసాగించే మీట నొక్కారు. నేను పనిచేసే చోట కూడా అలారాలు ఎడతెగకుండా మోగుతూ ఉంటే, ఏది ముఖ్యమో చూడకుండానే ఆపేసిన రోజులు ఉన్నాయి. అందుకే ఆ ఆపరేటర్‌ను నేను నిందించలేను.

తొలితెర:
అందరికీ కృతజ్ఞతలు. ఇవాళ తరగతిలో రెండు కాగితాలు బల్ల మీద పెట్టి, ఒకటి మెమరీలోని ప్రతి, ఒకటి డిస్కులోని ప్రతి అని చూపించాను. పెద్దాయన ఉత్తరాన్ని మళ్లీ మొదటి నుంచి రాశారు. అంచుమీట గారూ, ఆ ప్రశ్నను మీరైతే ఎలా రాస్తారు?

అంచుమీట:
“ఈ ఉత్తరాన్ని దాచి ఉంచాలా, పారేయాలా?” అని అడిగి, మీటల మీద “దాచు”, “పారేయి” అనే రాస్తాను, చెవితో చదువరి గారికి కూడా ఆ పేర్లే వినబడేలా చూస్తాను. నా చేతిలో ఉంటే అసలు అడగను. రాసిన ప్రతి వాక్యం దానంతటదే డిస్కులోకి చేరాలి. పారేయాలనుకున్నవారే అడిగి పారేయాలి.