ప్లేట్‌లెట్లు 92 వేలు: డయాలసిస్‌లో హెపారిన్ తగ్గించాలా, పెంచాలా?

పెరంబూరు_టెక్నీషియన్:
చెన్నై డయాలసిస్ యూనిట్లలో పనిచేసే మనవాళ్లకు ఒక ప్రశ్న. డయాలసిస్ మొదలై ఎనిమిదో రోజు, మెడలో క్యాథెటర్, కౌంట్ 92 వేలు. రక్తం గడ్డకట్టకుండా మొదట 2,000 యూనిట్ల హెపారిన్, ఆపై గంటకు 1,000 వెళ్తున్నా రెండో గంటకే ఫిల్టరు నల్లబడింది. డోసు ఏం చేయాలి?

అన్నానగర్_నర్సు:
92 అంటే తగ్గించాల్సిందే. రక్తం కారితే ఎవరు చూస్తారు?

కిడ్నీ_డాక్టర్:
ఒక్క అంకె చూసి బెదిరిపోకండి. కిడ్నీ రోగిలో రక్తం కారేది ఎక్కువగా కౌంట్ తగ్గి కాదు, ప్లేట్‌లెట్లు పని మానేసి. మలినాలు పేరుకుంటే అవి రక్తనాళం గోడకు సరిగా అంటుకోవు. వాటిని గోడవైపు నెట్టేవి ఎర్రకణాలు, రక్తహీనతలో అవీ తక్కువే. అందుకే హెమటోక్రిట్ (రక్తంలో ఎర్రకణాల వాటా) 30 శాతానికి తెస్తారు. అత్యవసరంలో రక్తస్రావం తగ్గించే డెస్మోప్రెసిన్ కిలోకు 0.3 మైక్రోగ్రాములు, అరగంటలో ఎక్కించాలి. వెంటవెంటనే ఇస్తే పనిచేయడం తగ్గిపోతుంది.

పెరంబూరు_టెక్నీషియన్:
సార్, రక్తం కారట్లేదు. గడ్డకడుతోంది!

అన్నానగర్_నర్సు:
ఏదైనా 92 తక్కువే కదా.

అడయార్_వాసి:
వానలు మొదలయ్యాయి, డెంగీ చూశారా?

టీనగర్_ల్యాబ్:
ముందు స్మియర్ (గాజుపలక మీద రక్తపు పూత) మైక్రోస్కోపులో చూడండి. ఈడీటీఏ ట్యూబులో ప్లేట్‌లెట్లు గుంపు కడితే మెషిన్ తక్కువ చూపిస్తుంది. గుంపులుంటే సిట్రేట్ ట్యూబులో మళ్లీ తీసి, వచ్చినదాన్ని 1.1తో గుణించాలి. అసలు మొదటి రోజు కౌంట్ ఎంత?

పెరంబూరు_టెక్నీషియన్:
గుంపులు లేవు. మొదటి రోజు 2,10,000.

టీనగర్_ల్యాబ్:
అదండీ చెప్పాల్సింది! సగానికి పైగా పడింది, అదీ 5–10 రోజుల మధ్య, పైగా గడ్డలు. హిట్ (HIT, హెపారిన్ వల్లే ప్లేట్‌లెట్లు పడిపోయే జబ్బు) అని అనుమానించాలి. హెపారిన్ ప్లేట్‌లెట్ల నుంచి వచ్చే ప్లేట్‌లెట్ ఫ్యాక్టర్ 4 అనే ప్రోటీన్‌తో కలిస్తే దాని మీద యాంటీబాడీలు పుట్టి ప్లేట్‌లెట్లను రెచ్చగొడతాయి. కౌంట్ పడుతుంది, గడ్డలు పెరుగుతాయి.

అన్నానగర్_నర్సు:
అయితే ఎనోక్సాపరిన్‌కు (హెపారిన్ జాతి మందే) మారొచ్చుగా?

కిడ్నీ_డాక్టర్:
వద్దు, ఆ యాంటీబాడీలు దాన్నీ వదలవు. ఇంత ముఖ్యమైన కౌంట్ మొదటే చెప్పరా?

పెరంబూరు_టెక్నీషియన్:
ఫైల్లోనే ఉంది సార్, ఎవరూ తిప్పి చూడలేదు. ఫిల్టరు గడ్డకడితే తప్పు టెక్నీషియన్‌ది, డోసు మార్చే అధికారం మాత్రం లేదు. నేను అడుగుతున్నది హెపారిన్ గురించే కాదు. అనుమానం వస్తే హెపారిన్ పంపు ఆపే హక్కు మాకుందా, లేదా?

కిడ్నీ_డాక్టర్:
ఉండాలి. ఆపి ఫోన్ చేయొచ్చని రాసిపెట్టని యూనిట్‌దే తప్పు.

అన్నానగర్_నర్సు:
రాసిపెట్టినా రాత్రి షిఫ్టులో ఫోన్ ఎత్తాలి కదా సార్.

కిడ్నీ_డాక్టర్:
ఎత్తాల్సిందే. ఇక పని: పంపు ఆపితే చాలదు. ప్రైమింగ్ సెలైన్‌లో (మొదట సెట్ నింపే సెలైన్) కలిపేదీ, క్యాథెటర్ లాక్‌లో (వాడనప్పుడు క్యాథెటర్‌లో నిలిపి ఉంచే ద్రవం) నింపేదీ హెపారినే. పాత లాక్‌ను లాగి పారేయండి, లోపలికి నెట్టొద్దు. కొత్తగా 4 శాతం సిట్రేట్ నింపండి. యాంటీబాడీ పరీక్ష పంపి, రిపోర్టు కోసం ఆగకుండా హెపారిన్‌కు బదులు అర్గాట్రోబాన్ మొదలుపెట్టాలి. అది కాలేయం ద్వారా పోతుంది, డోసు ఏపీటీటీ (రక్తం గడ్డకట్టే సమయం కొలిచే పరీక్ష) చూసి. రక్తం కారితే తప్ప ప్లేట్‌లెట్లు ఎక్కించొద్దు. గడ్డలు ఆపే వార్ఫరిన్ మాత్రలు మాత్రం ప్లేట్‌లెట్ల కౌంట్ 1.5 లక్షలు దాటాకే.

పెరంబూరు_టెక్నీషియన్:
మందు చేతికొచ్చేదాకా రక్తం ఫ్లో నిమిషానికి 300 మి.లీ.కు దగ్గరగా పెట్టి అరగంటకోసారి 150 మి.లీ. సెలైన్ ఫ్లష్ చేస్తాను. నాలుగు గంటల్లో ఏడు ఫ్లష్‌లు, 1,050 మి.లీ., అది యూఎఫ్‌లో (రోగి నుంచి తీసే నీటి లెక్కలో) కలపాలి. ఫ్లష్ చేసినప్పుడు ఫిల్టరు తెల్లబడకుండా నల్లచారలు మిగిలినా, వీనస్ ప్రెషర్ (రక్తం రోగికి తిరిగి వెళ్లే గొట్టంలో ఒత్తిడి) ఎక్కుతున్నా సెట్ మార్చేస్తాను.

కిడ్నీ_డాక్టర్:
సరే. కానీ ఫ్లష్ కాపాడేది ఫిల్టరును మాత్రమే, రోగి కాలిలో గడ్డను కాదు. మందు త్వరగా తెప్పించండి.

అన్నానగర్_నర్సు:
ఆ బెడ్ ట్రేలోంచి హెపారిన్ వయల్ తీసేయండి. కేస్‌షీట్ అలర్జీ గడిలో ఎర్రసిరాతో రాయండి, లేకపోతే వచ్చే షిఫ్టు మళ్లీ లాక్‌లో నింపేస్తుంది.